దేవుని వంతు

తమ్ముడికి పిల్లను వెతకడానికి మగ్దలేనమ్మ గడప దాటలేదు. పిల్ల ఇంట్లోనే ఉంది, తన కూతురు దెబోరా. ఆ ఊళ్ళో హిందువులైనా కిరస్తానీలైనా మేనమామ పెళ్ళికి ఉండగా బయటి సంబంధం చూడరు. చూస్తే "మామకేం తక్కువ, కుంటోడా గుడ్డోడా?" అని అడిగి చంపుతారు. యేసుదాసు కుంటివాడూ కాదు, గుడ్డివాడూ కాదు. నస్పూర్ బొగ్గుబాయిలో పర్మినెంటు పని, కల్లు ముట్టడు, ఆదివారం చర్చి తప్పడు. పైగా మగ్దలేనమ్మ పెంచిన పిల్లవాడు. తల్లి చనిపోయేనాటికి పాలు తాగుతున్నవాణ్ణి చంకనేసుకుని తన అత్తగారింటికి తెచ్చుకుంది. అక్క, తల్లి, ఇప్పుడు అత్త. మూడు పెత్తనాలూ ఒక్క మనిషికే దక్కితే ఆ ఇంట్లో ఇంకెవరి నోరు లేస్తుంది?

మగ్దలేనమ్మకూ యేసుదాసుకూ నడుమ వాళ్ళ తల్లి కన్న ఇద్దరు పసివాళ్ళు బతకలేదు. చేతులూ కాళ్ళూ ఉబ్బి, కళ్ళు పచ్చబడి, ఏడ్చి ఏడ్చి పోయారు. గాలి సోకిందని ఊరు అన్నది, దేవుడు పిలిచాడని పాస్టరు అన్నాడు. వాళ్ళ అవ్వా బాపులది, ఆ తల్లిదండ్రులది కూడా మేనరికమేనన్న మాట ఎవరూ ఎత్తలేదు. అందరివీ మేనరికాలే అయిన చోట అదొక విశేషమని ఎవరికి తోస్తుంది?

దెబోరాకు పెళ్ళయిన రెండేళ్ళకు, పందొమ్మిది వందల డెబ్భైలో, సామ్యూల్ పుట్టాడు. ఏడాది నిండకముందే వాడి అరచేతులూ పాదాలూ పొంగి బిర్రబిగిశాయి. ముట్టుకుంటే కెవ్వుమనేవాడు. కొన్నాళ్ళకు వాపు తీసింది, మళ్ళీ వచ్చింది. వానలో తడిస్తే నొప్పి, చలి పెడితే నొప్పి, జ్వరం తగిలితే ఇక చెప్పనక్కర్లేదు. మగ్దలేనమ్మ నూనె కాచి రాసింది, ఉపవాస ప్రార్థనలు పెట్టించింది, చాటుగా ఒక భూతవైద్యుడి దగ్గరికి కూడా తీసుకుపోయింది. సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద అయిన మనిషి అలా పోయిందంటే ఎంత భయపడి ఉండాలి! వాడికి ఆరో ఏడు నడుస్తుండగా కళ్ళు మరీ పచ్చబడి, లేవలేని స్థితి వస్తే అప్పుడు పట్నంలో పెద్దాసుపత్రికి మోసుకుపోయారు.

అక్కడి డాక్టరమ్మ పేరు నర్మద. పుట్టింది హుజూరాబాద్ దగ్గర కాబట్టి పట్నం పలుకులు పలకలేదు. పిల్లవాడి నెత్తురు చూసింది. తల్లిదండ్రుల నెత్తురూ చూసింది. ఆ తర్వాత ఏమనుకుందో మగ్దలేనమ్మను కూడా సూదికి చెయ్యి చాపమంది. ఫలితాలు వచ్చినరోజు ముగ్గురినీ వార్డు మెట్ల దగ్గర కూర్చోబెట్టింది. మెట్ల పక్కన సాయంత్రం పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి.

"అవ్వా, గీ పూలు మీ ఊళ్ళె ఉంటయా?"

"చంద్రకాంతలే గద. చర్చి ముంగట నేనే పెట్టిన."

"ఎర్రపువ్వుల చెట్టుకు, తెల్లపువ్వుల చెట్టుకు కలిసి గింజ కాస్తే, దాంట్లకెల్లి ఏ రంగు పువ్వు పూస్తది?"

"గులాబి రంగు. అటు ఎరుపు గాదు, ఇటు తెలుపు గాదు. నడిమి తీరు."

డాక్టరమ్మ మొహంలో సంతోషం కనబడింది, అంత సులువుగా అర్థం చేసుకునే మనిషి దొరికినందుకు. "మీ నెత్తురు గా నడిమి తీరుదే అవ్వా. మీది, మీ తమ్మునిది, మీ బిడ్డది, ముగ్గురిది. నెత్తుట్ల ఉండే కణాలు గుండ్రంగ ఉండాలె. కొందరియి కొడవలి లెక్క వంగుతయి, సన్న నరాలల్ల ఇరుక్కుంటయి. గందుకే నొప్పి. మీ ముగ్గురికి సగం మంచిది, సగం చెడ్డది ఉన్నది. మంచి సగం మిమ్ముల కాపాడుతది. మీకు నొప్పి రాదు, జ్వరం రాదు, నిండ నూరేండ్లు బతుకుతరు. గని సగం సగం ఉన్న ఇద్దరు కలిస్తే, పిల్లలల్ల కొందరికి అసలే రాదు, కొందరికి మీ తీరే సగం వస్తది, నాలుగింట ఒకరికి మాత్రం నిండ చెడ్డదే వస్తది. గా గులాబిరంగు పువ్వుల చెట్టు గింజలల్ల నాలుగింట ఒకటి తెల్లది మొలిచినట్టు. పిలగానికి తల్లి తానికెల్లి చెడ్డ సగమే వచ్చింది, తండ్రి తానికెల్లి చెడ్డ సగమే వచ్చింది. వాన్ని కాపాడెతందుకు మంచి సగం లేదు."

"మందు?" అన్నాడు యేసుదాసు.

"నొప్పికి ఉన్నది. గీ బీమారికి లేదు."

మగ్దలేనమ్మకు పువ్వుల ముచ్చట పూర్తిగా అర్థమైంది. నాలుగింట ఒకటన్నదీ అర్థమైందనుకుంది. అడగవలసిన మాట ఒకటుందని ఆమెకు తోచలేదు. నెల తిరక్కుండానే సామ్యూల్ పోయాడు. చివరి రెండు రోజులు వాణ్ణి ఎత్తుకోవడానికి లేదు, దుప్పటి తగిలినా ఏడ్చాడు. కొడుకు చచ్చిపోతుంటే గుండెకు హత్తుకునే వీలు కూడా లేని తల్లి పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు.

సమాధి మీద మన్ను ఆరకముందే దెబోరా చెప్పేసింది. "మామా, నాకు ఇంక పిల్లలు వద్దు. ఇంకొకన్ని గిట్ల చూడలేను." యేసుదాసు సరేనన్నాడు. ఆ పిల్ల మీద వాడికున్న ప్రేమకు అంతకంటే రుజువు ఏం కావాలి? మగ్దలేనమ్మ మాత్రం నోరు మూసుకుంది. అది ఒప్పుకోవడం కాదు. తమ్ముడి వంశం, కూతురి కడుపు రెండూ ఒక్కసారే ఎండిపోతుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదామె.

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. కొత్తపంట ఇంటికి రాగానే మొదటి కుంచం వడ్లు, మొదటి గుమ్మడికాయ, మొదటి కోడిపిల్ల తెచ్చి చర్చిలో బల్ల ముందు పెట్టడం వాళ్ళ ఆచారం. పాస్టరు ప్రార్థన చేశాక వాటిని వేలం పాడతారు. దాన్ని దేవుని వంతు అంటారు. ఆ వంతు పోనిదే మగ్దలేనమ్మ కొత్తబియ్యం పొయ్యి మీద పెట్టేది కాదు. ముందు ఆయనది ఆయనకిస్తే మిగిలినది పురుగు పట్టదు, ఎలుక ముట్టదు అని ఆమె నమ్మకం. నమ్మకమేమిటి, నలభై ఏళ్ళుగా కళ్ళతో చూస్తున్న సంగతి. ఆరోజు కుంచం దింపి లేస్తుంటే, ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాలుగింట ఒకటి! డాక్టరమ్మే చెప్పింది. ఆ ఒకటీ మొదటే వచ్చింది, దేవుడు మొదటే తీసుకున్నాడు. ఇక మిగిలిన మూడూ మనవే. ఇంత తేటగా ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదా అని ఆమెకు ఏడుపొచ్చింది. అంత సంతోషంతో ఏడ్చింది అదే ఆఖరుసారి.

పండుగ మర్నాడు నస్పూర్ నుంచి వచ్చిన మనిషి ఒక కబురు తెచ్చాడు. యేసుదాసు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు పేరు రాయించుకున్నాడు, ఎల్లుండే క్యాంపు.

అది ఎమర్జెన్సీ, ఆపరేషన్ల ఏడు. జీపు కనబడితే మగవాళ్ళు జొన్నచేలల్లో పడి పరుగెత్తే రోజులు. ఊళ్ళకు ఊళ్ళు రాత్రుళ్ళు ఖాళీ అయిపోయేవి. అలాంటి కాలంలో తన కాళ్ళతో తాను నడిచిపోయి లైన్లో కూర్చున్న మగవాడు యేసుదాసు ఒక్కడేనేమో. బడి వరండాలో క్యాంపు పెట్టారు. మగ్దలేనమ్మ బస్సు దిగి తిన్నగా అక్కడికే పోయింది. జీపుల్లో పట్టి తెచ్చినవాళ్ళు, డబ్బుకు ఆశపడి వచ్చినవాళ్ళు, ఏడుపు మొహాలతో గోడకానుకుని కూర్చున్నారు. తమ్ముడు నడుమన ఉన్నాడు.

"తమ్మీ, లే."

"అక్కా, గీ ముచ్చట నీకు తెల్వది. నువ్వు ఇంటికి పో."

"నిన్ను చంకనేసుకున్నప్పుడు నీ తొడలు నా బొటనవేలంత ఉండె. నాకు తెల్వని ముచ్చట నీ తాన ఏమున్నదిరా? లే అంటున్న."

బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా అరిచాడు. "ఏయ్ ముసల్దానా, ఏంది నీ పరేషాన్? లైన్ల మనిషిని గుంజకపోతున్నవ్?"

"నీ లైన్ల ఇంక చానమంది ఉన్నరు కొడుకా. గీ ఒక్కడు లేకుంటే నీ నౌకరి పోదు."

వరండా అంతా నవ్వింది. చివర్లో కూర్చున్న ఒకడు చేతులు జోడించి, "అవ్వా, నీకు దండం పెడ్త, నన్ను గూడ నీ తమ్మున్ని చేస్కో!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆ గోలలో యేసుదాసు లేచాడు. బలవంతాన ఏమీ లేవలేదు. ఎవరైనా వచ్చి లేపితే బాగుండునని కూర్చున్నవాడు లేచినట్టే లేచాడు.

ఆ ముచ్చటను మగ్దలేనమ్మ తర్వాత ఏడాది పాటు ఊళ్ళో చెప్పుకుని నవ్వించింది.

దెబోరాను ఒప్పించడం మాత్రం నవ్వులాట కాలేదు. ఆ పిల్ల వెంటనే ఒక ప్రశ్న వేసింది. "అవ్వా, మల్ల గట్లనే అయితే?"

"ఎట్లయితది? నాలుగింట ఒకటన్నది. గా ఒకటి అయిపోయింది. దేవుడు ఆయన వంతు ముందే తీస్కున్నడు. ఇచ్చినంక మల్ల అడుగుతడానె ఆయన? అప్పులోడా?"

"డాక్టరమ్మను ఒకసారి అడుగుదామా?"

"ఆమె చెప్పాల్సింది చెప్పింది. నాకు సమజ్ అయింది, నీకు సమజ్ కాలే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే తల్లితో ఎవరు వాదిస్తారు? కానీ తప్పంతా తల్లిదే అనడానికి లేదు. సామ్యూల్ పాత చొక్కాను దెబోరా దిండు కింద పెట్టుకునే పడుకుంటోంది. నమ్మాలని ఉన్నవాళ్ళకు నమ్మేటందుకు ఒక మాట దొరికితే చాలు.

రూతు పుట్టింది. నల్లగా, నిండుగా, ఏడిస్తే వాడకంతా వినబడేలా పుట్టింది. మగ్దలేనమ్మ ఊరిల్లు తాళం వేసి వచ్చి నస్పూర్ క్వార్టర్లోనే కూర్చుంది. పొద్దున్నే నీళ్ళు కాగబెట్టి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద పిల్లను పడుకోబెట్టి నూనె మర్దనా చేసి నీళ్ళు పోసేది. పిల్ల కేరింతలు కొట్టేది. అమ్మమ్మా తనే, మేనత్తా తనే, కాబట్టి రెండింతలు ముద్దు చేసే హక్కు తనకుందని చుట్టుపక్కల ఆడవాళ్ళతో అనేది. దెబోరా మళ్ళీ పాట పాడడం మొదలుపెట్టింది. యేసుదాసు బాయి దిగి వచ్చి, మసి కడుక్కోకుండానే తలుపులోంచి తొంగి చూసేవాడు.

ఎనిమిదో నెల నిండుతుండగా, ఒక పొద్దున నూనె రాస్తున్న మగ్దలేనమ్మ చెయ్యి పిల్ల ఎడమ పాదం మీద ఆగింది. పాదం వెచ్చగా ఉంది. వేలితో కొంచెం నొక్కింది. అంతవరకూ నవ్వుతున్న పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఈ ఏడుపు ఆమెకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఇద్దరు తమ్ముళ్ళ దగ్గర విన్నది, సామ్యూల్ దగ్గర విన్నది. చెంబు చేతిలోంచి జారింది.

"ఏమైందవ్వా?" లోపలినుంచి దెబోరా కేకేసింది.

"ఏం లేదు. నీళ్ళు జర వేడైనయి."

ఆరోజు నుంచి పిల్లకు మేజోళ్ళు తొడిగింది. ఎండాకాలంలో మేజోళ్ళేమిటని యేసుదాసు అడిగితే దోమలంది. పిల్లకు స్నానం ఎవరినీ చేయించనివ్వలేదు, తలుపేసుకుని తానే చేయించింది. దెబోరా పాలివ్వడానికి తీసుకుంటే దుప్పటితో సహా ఇచ్చేది. పగలంతా ప్రార్థన చేసింది. ప్రార్థనలో బతిమాలడం పోయి తగువు వచ్చేది. నీది నీకిచ్చినం గద, మల్ల ఎందుకొచ్చినవ్ అని దేవుడితో పోట్లాడింది. తగువులో ఆమే ఓడిపోతోందని ఆమెకు తెలుసు. వాపు రెండో పాదానికి వచ్చింది, తర్వాత చేతికి వచ్చింది. చేతికి తొడిగే మేజోళ్ళు నస్పూర్ బజార్లో దొరకవు.

దెబోరా అరవలేదు. పిల్ల చెయ్యి చూసింది, వంగి మేజోళ్ళు ఊడదీసి కాళ్ళు చూసింది, తల్లి మొహం చూసింది. ఎన్నాళ్ళుగా అని కూడా అడగలేదు. బియ్యం డబ్బా మూత పెట్టి, చీర మార్చుకుని, పిల్లను తీసుకుని బస్టాండుకు నడిచింది. మగ్దలేనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాల పరిగెత్తింది.

డాక్టరమ్మ నర్మద అక్కడే ఉంది, కొంచెం లావైంది. నెత్తురు చూసి వచ్చి, పిల్ల తల నిమిరింది. మగ్దలేనమ్మ ఆగలేకపోయింది.

"నాలుగింట ఒకటంటివి గదమ్మా! గా ఒకటి మేం ఇచ్చినం. ఇది ఎట్ల వచ్చింది?"

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం పాలిపోయింది. "అవ్వా, నలుగురిని కంటే ఒకరికి వస్తదని కాదు. ప్రతి కాన్పుకు కొత్తగ నాలుగింట ఒకటే. పోయినసారి ఏం పుట్టిందో కడుపుకు యాదికుండదు. పదిమందిని కన్నా ఒక్కరికి రాకపోవచ్చు. ఇద్దరిని కంటే ఇద్దరికి రావచ్చు." ఆగి, మెల్లగా అంది. "నేనైన ఆనాడే చెప్పాల్సింది. మీరు పువ్వు ముచ్చట అంత మంచిగ అందుకుంటే, ఇది గూడ తెలిసిందే అనుకున్న."

తిరుగు బస్సులో దెబోరా కిటికీ వైపు మొహం పెట్టుకుని ఉంది. గోదావరి దాటాక తల తిప్పకుండానే మాట్లాడింది.

"నీ తమ్ముండ్లు ఇద్దరు పోయినప్పుడు గిట్లనే చెప్పినవా మా అమ్మమ్మకు? సామ్యూల్‌ది దేవుని వంతన్నవు. ఇదెవరి వంతవ్వా?"

అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్న మగ్దలేనమ్మ చెప్పుల్లేని కాళ్ళను సీటు కిందికి ముడుచుకుంది. మర్నాడు యేసుదాసు ఎవరికీ చెప్పకుండా పోయి ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. ఈసారి లేపడానికి ఎవరూ పోలేదు.

ఆమె ఊరికి తిరిగి వచ్చేసింది. కూతురు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఆ తర్వాత ఆరేళ్ళలో దెబోరా తల్లితో మాట్లాడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రూతు మాత్రం బతికింది. ఎన్నిసార్లు ఆసుపత్రి, ఎన్నిసార్లు నెత్తురెక్కించడం, అదంతా చెప్పుకుంటూ పోతే వినేవాళ్ళకే నీరసం వస్తుంది. పిల్ల సన్నగా, పచ్చకళ్ళతో, వయసుకు మించిన మాటలతో పెరిగింది. నొప్పి లేని రోజుల్లో బడికి పోయేది. నొప్పి వచ్చిన రోజుల్లో పళ్ళు బిగించుకుని తల్లి వైపు చూసేది. ఆ చూపుకు దెబోరా ఆగలేకపోయేది.

ఏడో ఏడు, వానాకాలంలో, ఒక మధ్యాహ్నం దెబోరా బస్సు దిగి, బొంతలో చుట్టిన పిల్లతో ఊళ్ళో తల్లి ఇంటి ముందు నిలబడింది. ఆసుపత్రి నుంచే వస్తోంది. గోలీలు ఇచ్చారు, వెచ్చగా ఉంచమన్నారు, నీళ్ళు తాగించమన్నారు, నొప్పి దానంతటదే దిగాలన్నారు. లోపలికి వచ్చి పిల్లను మగ్దలేనమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇగ నాతోని కాదు. నువ్వు కావాల్నంటే కన్న. నువ్వే పట్టుకో."

అని బయటికి పోయి, వానలోనే అరుగు మీద కూర్చుంది. ఆ మాటలో కోపం కూడా మిగల్లేదు, అలసటే ఉంది. కోపమైనా ఉంటే బాగుండునని మగ్దలేనమ్మకు అనిపించింది.

పిల్లను గట్టిగా పట్టుకుంటే నొప్పి, వదిలితే జారుతుంది. ఆమె గోడకానుకుని కాళ్ళు చాపి, గుడ్డను కుంపటి మీద వెచ్చజేసి మెల్లగా మోచేతులకు అద్దింది. రూతు కళ్ళు మూసుకుని ముక్కుతోంది. కాసేపటికి గోలీ కొంచెం పనిచేసినట్టుంది, కళ్ళు తెరిచింది.

"అమ్మమ్మా."

"ఏంది బిడ్డా."

"నాకు నిండ ఉన్నదంట. నీకు సగమే ఉన్నదంట. అవ్వ చెప్పింది."

"ఔ బిడ్డా."

"మరి నీకు సగం నొస్తదా?"

సగానికి నొప్పి లేదు. అది డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. మగ్దలేనమ్మ నిన్న కూడా పొద్దంతా నాట్లేసి వచ్చింది, ఒళ్ళు నొప్పని ఒక్క గోలీ మింగలేదు. తనలో ఉన్నది తనను ఒక్కరోజు కూడా ఏమీ అనకుండా, తమ్ముడిలోని దానితో, కూతురిలోని దానితో కలిసి ఈ పిల్ల ఒంట్లో చేరి కూర్చుంది. ఆ మేజోళ్ళప్పుడు తప్ప ఆమె అబద్ధమాడి ఎరగదు. ఇంత చేటు తెచ్చిన ఆ దేవుని వంతు మాట కూడా నిజమని నమ్మే చెప్పింది. గుడ్డను మళ్ళీ కుంపటి మీద పెట్టింది.

"నొస్తది బిడ్డా," అంది చివరికి. "నాకు గూడ నొస్తది."

"యాడ?"

చూపించడానికి ఒక చోటు కావాలి. వెతుక్కుని మోకాలు చూపించింది.

రూతు బొంతలోంచి చెయ్యి బయటికి తీసింది. వేళ్ళు ఉబ్బి వంగడం లేదు. ఆ చేతినే తెచ్చి అమ్మమ్మ మోకాలి మీద పెట్టి, తనకు నొప్పి పుట్టనంత మెల్లగా నిమరడం మొదలుపెట్టింది. "ఊకో అమ్మమ్మా, తక్కువైతది, ఊకో" అంటోంది. మగ్దలేనమ్మ కాలు కదపకుండా అలాగే కూర్చుంది.